పళ్లక్క కారు బేరం

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది కాబట్టి ఆవిడకు పళ్లక్క అన్న పేరు స్థిరపడిపోయింది. కొత్తగా విన్నవాళ్లు ఏ బజార్లోనో బండి పెట్టుకుని పళ్లమ్ముకునే మనిషనుకునేవారు. ఆ పళ్లక్కకు టర్బో వేసిన జపాన్ స్పోర్ట్స్ కారుందంటే ఒక పట్టాన ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మినవాళ్లు అది మొగుడిదో అన్నదో అయ్యుంటుందనుకునేవారు. మొగుడు లేడు. అన్న ఉన్నాడు గానీ, బీమా ఏజెంటుగా ఊరంతా తిరిగే ఆ మహానుభావుడికి స్కూటర్ స్టాండు వెయ్యడమే ఒక పరీక్ష.

దుమ్ముకొట్టుకుపోయిన కారును కొని, ఆదివారాలన్నీ ధారపోసి దాన్ని మనిషిని చేసింది. ఇంజన్‌లోకి గాలి దట్టించి జోరు పెంచే టర్బోను తీసి ఇంకా పెద్దది బిగించింది, దానికి తగ్గట్టు బ్రేకులు మార్చింది, ఇంజన్ కంప్యూటర్‌ను మళ్లీ ట్యూన్ చేయించింది. ఇంతలో నడుము మొరాయించింది. నేలకు అంటుకున్నట్టుండే ఆ సీట్లోకి దిగడం ఒక యాతన, లేవడం ఇంకో యాతన. "కారా, నడుమా? ఏదో ఒకటి తేల్చుకోండి," అన్నాడు డాక్టరు. డీలర్లయితే పాత ఇనుము ధర కడతారని కారు అమ్ముతానని తనే ప్రకటన ఇచ్చింది.

ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తారు కదా, తోడుండమని అన్నను పిలిచింది. ఆమె చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

మొదట వచ్చినవాడు కారు పక్కన నిలబడి, కారు మీద వాలి, కారు ముందు మోకరిల్లి ఫొటోలు దిగి, "ఇంట్లో అడిగి చెప్తా," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాతవాడు కూర్చోగానే చల్లటి ఇంజన్‌ను అరిచేదాకా రేస్ చేశాడు. పళ్లక్క కిటికీలోంచి చెయ్యిపెట్టి తాళం లాగేసింది.

"మంచం మీంచి లేపి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా?"

వాడు అన్నవైపు తిరిగి, "ఏంటి సార్, ఆవిడ అలా మాట్లాడతారు?" అన్నాడు.

అన్న కాలరు సర్దుకున్నాడు. సార్ అన్న మాట చెవికి తియ్యగా తగిలింది మరి. మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు.

ఆ వారాంతంలో ఒకతను వేళ్లు బయటికి కనిపించే తోలు గ్లోవ్స్ తొడుక్కుని వచ్చాడు. చుట్టూ తిరిగి, తల పంకించి, అన్నను అడిగాడు.

"టర్బో బూస్ట్ ప్రెషర్ ఎంత పెట్టారు సార్?"

"ఫుల్లుగా పెట్టా," అన్నాడు అన్న, తడుముకోకుండా.

"సౌండ్ వినగానే అనుకున్నా!"

కారింకా స్టార్టే చెయ్యలేదు. గ్లోవ్స్ మనిషి పళ్లక్కను చూసి జాలిపడ్డాడు. "మీకర్థమయ్యేలా చెప్తానమ్మా. టర్బో అంటే ఇంజన్‌కి పెట్టే ఫ్యాన్ లాంటిది."

"అలాగా! అయితే దోమలు కుట్టవన్నమాట," అంది పళ్లక్క.

అన్న కళ్లురిమాడు. ఆమె తాళం తేవడానికి లోపలికి వెళ్లింది.

వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. అతను స్టీరింగు పట్టుకుంటే, పళ్లక్క పక్కసీట్లో కూర్చుని ముందే చెప్పింది: "మలుపులో తొక్కకండి. టర్బో కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. అందుకుందంటే ఒక్కసారే తోస్తుంది."

"నాకు చెప్తున్నారా?" అని నవ్వి, మలుపులోనే తొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకా తొక్కాడు. సన్నటి ఈల వినిపించింది, వీపు మీద ఎవరో తన్నినట్టయింది, వెనక చక్రాలు జారిపోయాయి. రోడ్డూ గోడలూ గిర్రున తిరిగి, కారు వచ్చిన దారివైపే మొహం పెట్టి పక్క గడ్డిలో ఆగింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం ఎవరి పుణ్యమో!

పళ్లక్క చెయ్యి చాపి హ్యాండ్‌బ్రేకు లాగింది. అతని చేతులు స్టీరింగును వదలడం లేదు.

"కార్లో ఏదో లోపముందండీ," అన్నాడు చివరికి.

"ఉంది. మీరు దిగితే పోతుంది."

ఆమే నడిపి తెచ్చింది. అన్నను చూడగానే అతనికి గొంతు లేచొచ్చింది. "బండి కొంచెం పట్టు తప్పుతోంది సార్. పర్లేదు, నేను దారిలో పెట్టుకుంటా."

"అంతా ఖాయం చేసేశాను చెల్లీ. నువ్వు లోపలికెళ్లినప్పుడే అడ్వాన్సు పుచ్చుకున్నా," అన్నాడు అన్న గర్వంగా.

"ఎవరి కారుకి?"

"పెద్దవాణ్ణి. పదిమందిలో నా మాటకి విలువ లేదా?"

"విలువుంటే ఆ మాటే అమ్ముకో. కారు నాది." గ్లోవ్స్ మనిషివైపు తిరిగింది. "మీకివ్వను. కారు ఇంకోసారి అలా గిర్రున తిరిగితే ఎదురుగా ఎవరో ఒకరుంటారు."

అన్న జేబులోంచి డబ్బు తీసి అతని చేతిలో పెట్టి, మొహం మాడ్చుకుని స్కూటరెక్కాడు. అది స్టార్టవ్వడానికి చాలాసేపు పట్టింది. ఆమె గుమ్మంలో నిలబడి ఆసాంతం చూసింది.

చివరికి కొన్నది కళ్లజోళ్ల షాపాయన. రాగానే ఆమెనే అడిగాడు, "ఎందుకు అమ్ముతున్నారండీ?" అని. నడుము సంగతి చెప్పింది. "ముందు మీరు నడపండి, నేను వింటా," అన్నాడు. తన వంతు వచ్చినప్పుడు మెత్తగా నడిపాడు. తిరిగొచ్చాక టర్బో చల్లారేదాకా ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చి, ఆ తర్వాత కట్టేశాడు. ఎవరూ చెప్పకుండానే. పళ్లక్కకు అది చాలింది. కారు వీధి మలుపు తిరిగాక చాలాసేపు ఖాళీ షెడ్డులో నిలబడింది. పెట్రోలు వాసన ఇంకా అక్కడే ఉంది.

కొన్నాళ్లకు ల్యాబు నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి ఆ షాపు చూసి అదిరిపడి దిగిపోయింది. కారు గుమ్మం ముందుంది. రెండు హెడ్‌లైట్లకూ కలిపి ఎర్రటి ప్లాస్టిక్ కళ్లజోడు తగిలించి ఉంది, బండి చక్రాలంత అద్దాలతో.

ఆయన మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు. "ఎలా ఉందక్కా? కారుక్కూడా చూపు తగ్గింది!"

ఇన్నాళ్లుగా పోగేసుకున్న తిట్లన్నీ ఆమె నాలుక చివరికొచ్చాయి. "ఇంజన్ సంగతేంటి?" అంది పళ్లు బిగించి.

"రోజూ పొద్దున్నే తీస్తున్నా. వేడెక్కితే గానీ తొక్కను."

"అయితే బతికిపోయారు. నేను బస్సెక్కేదాకా అది తీసేయండి, చూడలేను."

ఆయన వినయంగా తీశాడు. బస్సు కదిలిందో లేదో మళ్లీ తగిలించాడు. కిటికీలోంచి చూసి "వెధవ!" అంది పళ్లక్క, ఆ వెంటనే నవ్వాపుకోలేకపోయింది.

"ఏమైందమ్మా?" అంది పక్కసీటావిడ.

"ఏం లేదండీ. మా కారుకి కళ్లజోడొచ్చింది."