చేతులు కనిపించట్లేదు

ఈ మూలనున్న పళ్లచక్రం బొమ్మ నొక్కితే సెట్టింగులు రావాలి, నొక్కాను, వచ్చాయి, వాటి అడుగున ఇంకో పళ్లచక్రం, దాన్ని నొక్కితే ఇంకో జాబితా, ఆ జాబితా చివర మరిన్ని సెట్టింగులు అని మరొకటి, ఎవడు తయారుచేశాడో గానీ వాడి దుంపతెగ, మాట్లాడుకోడానికి కొన్న వస్తువులో ఇన్ని గదులు ఇన్ని తలుపులు దేనికి, గ్రిడ్ లైన్లట, వాటర్‌మార్కట, అరచెయ్యి చూపిస్తే దానంతటదే షూటింగు మొదలుపెడుతుందట, మళ్లీ చూపిస్తే ఆపేస్తుందట, అదొక్కటే తక్కువైంది, నాకు కావలసింది ఒక్కటేరా నాయనా, నా పది వేళ్లూ నా చెల్లెలికి కనిపించాలి, ఐదింటిలోపు, ఇప్పుడు నాలుగు కావస్తోంది, పొద్దున్నించీ ఇదే పని, మధ్యాహ్నం చచ్చీ చెడీ ఒకటి తీసి పంపితే నిమిషంలో జవాబు, నీ మొహం కనిపిస్తోంది, చేతులు కనిపించట్లేదు, మళ్లీ పంపు, దానికి పుట్టుకతోనే వినపడదు, మా ఇద్దరి మాటలూ చేతులతోనే, అక్షరాలు టైపు చేసి పంపితే ఈసారి చదవనని ముందే చెప్పేసింది, రేపు పదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసులో దాని పెళ్లి, ముగ్గురు సాక్షులు కావాలి, ఇద్దరు కుదిరారు, మూడో సంతకం అన్నయ్యనైన నాదో, తను పనిచేసే బట్టల యూనిట్లో కటింగ్ మాస్టరుదో ఐదింటికల్లా తేల్చుకుంటుందట, కటింగ్ మాస్టరు, ఎవడాయన, దాన్ని భుజాలమీద మోసుకుని తిరిగాడా, దానికి లెక్కలు నేర్పాడా, నేనుండగా ఎవడో వచ్చి సంతకం పెడతాడా అని ఒళ్లు మండుతోంది గానీ మండి ఏం లాభం, తప్పు నా దగ్గరుంది.

మూడు వారాల కిందట, చేసుకోబోయే అతన్ని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చింది, అతనికీ వినపడదు, బల్ల చుట్టూ పదిమందిమి, మా బావమరిది ఏదో అంటాడు, అందరూ విరగబడి నవ్వుతారు, ఏంటి ఏంటి అని చెల్లి నావంక చూస్తుంది, నేను బల్ల కిందనుంచే వేలు ముందుకి తోస్తాను, తర్వాత చెప్తా, మళ్లీ నవ్వులు, మళ్లీ తర్వాత, నోట్లో ముద్ద, చేతికి ఎంగిలి, ఇంతమందిలో ఎక్కడ కుదుర్తుంది చెప్పండి, అది లెక్కపెట్టుకుందట, ఏడుసార్లు, ఏడోసారి అతని మోచెయ్యి పట్టుకుని లేచింది, చెప్పులు వేసుకుంది, వెళ్లిపోయింది, ఆ తర్వాత నేను పెట్టిన మెసేజీలన్నీ చూసింది, ఒక్కదానికీ జవాబు లేదు, నిన్న సాయంత్రం మాత్రం సాక్షి సంగతీ ఐదింటి గడువూ చెప్పి ఒకటే మాట అడిగింది, ఆరోజు అందరూ ఎందుకు నవ్వారో చేతులతో చెప్పు, తర్వాత అన్నావుగా, ఇదే ఆ తర్వాత.

అంత గొప్ప జోకేం కాదు మరి, అదే నా ఖర్మ, నేను బస్టాండులో అనౌన్సరుని, పద్దెనిమిదేళ్లుగా మైకు ముందు అదే కుర్చీ, ఒకరోజు నిద్రలో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం బస్సు బయల్దేరుతోంది, దయచేసి ఎక్కండి అని అరిచానట, మా ఆవిడ ఉలిక్కిపడి లేచి దుప్పటి చుట్టుకుని మంచం దిగిందట, ఇంతే, దీన్నే మా బావమరిది తిప్పి తిప్పి చెబుతుంటే అందరూ పడీ పడీ నవ్వారు, ఇది చెల్లికి చెప్పాలి, క్షమించమనాలి, రేపు పదిన్నరకి పది నిమిషాల ముందే వస్తాననాలి, మొత్తం కలిపి ఒకటిన్నర నిమిషం, దీనికి ఒకపూట అయిపోయింది.

ముందు ఆ అరచెయ్యి గోలే గోల, మా చెల్లి చిన్నప్పుడు నా గొంతుమీద చెయ్యి పెట్టి అది అదురుతుంటే నవ్వేది, అందుకని దాని భాషలో నా పేరు గొంతుమీద అరచెయ్యి, నేను, మీ అన్నయ్యని, అని అరచెయ్యి ఎత్తానో లేదో ఫోన్ షూటింగు ఆపేసింది, మళ్లీ మొదలు, మళ్లీ అరచెయ్యి, మళ్లీ ఆపింది, నా పేరు చెబితే నోరు మూసే ఫోన్ నాకే దొరకాలి, అది వెతికి వెతికి ఆఫ్ చేశానా, చూస్తే నా మొహం మైనం బొమ్మలా ఉంది, నుదుటిమీద ఒక్క ముడత లేదు, కనుబొమలు పైకెత్తానా దించానా తెలిసి చావట్లేదు, సైగల్లో సగం మాట కనుబొమల్లోనే ఉంటుంది, ముడతల్లేని నుదురుతో క్షమించమంటే ఎవరు నమ్ముతారు, ఇదేంటే అని అరిస్తే మా ఆవిడ పక్క గదిలోంచి తాపీగా, అది బ్యూటీ మోడండీ, నేను వాడినప్పుడు పెట్టుకున్నాను, తీయడం మర్చిపోయాను అంది, ఇది ఆవిడ పాత ఫోన్, కొత్తది కొనుక్కుని నాకు దానం చేసింది, ఇళ్లు అద్దెకిప్పించే ఆఫీసులో ఆవిడ ఉద్యోగం, అగ్గిపెట్టెంత గదిని పెద్ద హాలులా ఫొటో తీయగల మనిషి, ఒక్కసారి వచ్చి చూడవే అంటే, రేపటికి పదకొండు ఇళ్ల ఫొటోలు సర్దాలి, ఐదు నిమిషాలాగండి అంటుంది, ఆవిడ ఐదు నిమిషాలు నాకు తెలియవా.

బ్యూటీ తీశాను, పోర్ట్రెయిట్ అని ఇంకోటి ఉంది, దానికి మొహమే మనిషి, నా మొహం చుట్టూ పసుపురంగు గడి కట్టి అది తప్ప మిగతా అంతా మసక చేసి పారేసింది, గోడా మసకే, కుర్చీ మసకే, కాస్త పైకొచ్చిన రెండు వేళ్లూ మసకే, ఓరి దరిద్రుడా మాట అక్కడుందిరా, మొహంలో కాదు, అని ఫోన్‌మీద అరిచాను, మైకులో అలవాటైన గొంతు కదా, పై వాటావాళ్ల కుక్క మొరిగింది, అదీ తీశాను, ఈసారి ట్యూబ్‌లైటు పడి గోడంతా చారలు, పైనుంచి కిందికి జారుతూ, లైటు తీసేస్తే చీకటి, చీకట్లో చెయ్యి కదిపితే వెనకాల తోకలాగా మరో చెయ్యి, పక్క గదిలోంచి సలహా, ఫ్రేములు అరవై పెట్టండి, పెట్టాను, తోక పోయింది, ఇంకా నల్లబడింది, సూర్యుడి బొమ్మ పట్టుకుని పైకి జరపండి, జరిపాను, మొహం సున్నం కొట్టినట్టైంది, కిటికీ ముందు నిలబడ్డాను, వెనకనుంచి వెలుతురు, నేను నల్లటి నీడ, ఇటు తిరిగాను, కళ్లలో ఎండ, చక్కెర డబ్బామీద ఆనించిన ఫోన్ జారి కిందపడింది, తీసి చూస్తే పగల్లేదు, పగిలినా బావుండేది, పగిలిందమ్మా ఏం చేయను అని చెప్పుకోడానికైనా ఉండేది.

నాలుగూ పాతిక, ఇప్పుడన్నీ బాగున్నాయి, చారల్లేవు, తోకల్లేవు, నా కళ్లకింద సంచులతో సహా స్పష్టంగా ఉంది, తీశాను, మొత్తం చెప్పాను, నిద్రపోవడం, బస్సు, దుప్పటి, అన్నీ, తర్వాత వేసి చూసుకుంటే నా మొహం, నా భుజాలు, నా చొక్కా మూడో గుండీ, అక్కడితో సరి, అడుగున అప్పుడో వేలు ఇప్పుడో వేలు దొంగలా తొంగిచూసి పోతోంది, వెనక్కి జరిగాను, నేను జరిగితే అదే దగ్గరికి లాక్కుంటోంది, మనిషి కదిలితే మొహాన్ని వెంటాడే సెట్టింగు ఒకటుందట, ఆటో ఫ్రేమింగట, దాన్నీ ఆపాను, మళ్లీ తీశాను, మళ్లీ మూడో గుండీ, తల ప్రాణం తోకకొచ్చింది, ఫోన్ చక్కెర డబ్బాలో పడేసి మూత పెట్టేద్దామనిపించింది, టైపే చేసి పంపేద్దాం, చదివితే చదువుతుంది లేకపోతే కటింగ్ మాస్టరు ఉండనే ఉన్నాడు, నా బతుకులో ఇదొక్కటీ కుదిరి చావదు అనుకుంటుండగా, అప్పుడు, ఇప్పుడా తీరిక దొరకడం, మా ఆవిడ వచ్చింది, కళ్లజోడు నెత్తిమీదికి నెట్టి, తీసినవి రెండూ చూసింది, సెట్టింగులన్నీ శుభ్రంగా ఉన్నాయి కదండీ అంది, మరి చేతులేవే అన్నాను, ఏవంటే, మీరు వాటిని పొట్టదగ్గర పెట్టుకుంటే కెమెరా ఏం చేస్తుంది, ఎత్తండి, ఎవరైనా చూస్తారా ఏంటి, అని మళ్లీ తన పదకొండు ఇళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఎవరైనా చూస్తారా ఏంటి, నేనెప్పుడు కింద పెట్టాను, నా చేతులు ఉండేచోటే ఉన్నాయి, చెల్లితో నేనెప్పుడూ ఇలాగే, అసలది ఎలా చేస్తుందో చూద్దామని పాత వీడియో తెరిచాను, మూలన పగిలిన డొక్కు ఫోన్‌తో యూనిట్ మెట్లమీద కూచుని తీసింది, పెళ్లి కుదిరిందని చెబుతోంది, వెనకాల మనుషులు దిగుతున్నారు ఎక్కుతున్నారు, కొందరు ఆగి చూస్తున్నారు, దానికేం పట్టలేదు, రెండు చేతులూ మొహం పక్కకి, తలమీదికి, భుజాలకి బారెడు దూరం, తెర నిండా చేతులే, ఏ సెట్టింగూ లేదు, ప్రతి వేలూ తెలుస్తోంది, చిన్నప్పుడూ ఇంతే, ఇంతే, బస్సులో, దానికి ఏడు, నాకు పన్నెండు, చెప్పులు కుట్టే మనిషి దగ్గర కుక్క ఒక చెప్పు ఎత్తుకుపోయిందట, ఆ మనిషి రెండో చెప్పు పట్టుకుని వెంట పరిగెత్తాడట, సీట్ల మధ్య నిలబడి కుక్క తనే అవుతోంది, ఆ మనిషీ తనే అవుతోంది, నేను కడుపు పట్టుకు నవ్వుతున్నాను, అప్పుడు వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్లు దాని చేతుల్ని అనుకరించడం మొదలెట్టారు, బస్సంతా నవ్వింది, కండక్టరు కూడా, నాకు చెవులు కాలిపోయాయి, దాని రెండు మణికట్లూ పట్టుకుని కిందికి లాగి ఒళ్లో పెట్టాను, స్కూలు సంచీ చాటున నా వేళ్లతో చెప్పాను, చిన్నగా, చిన్నగా, అది ఆ కుర్రాళ్లని చూసింది, నన్ను చూసింది, కుక్క చెప్పు ఇచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేదు.

అది మళ్లీ చేతులు ఎత్తుకుంది, ఎప్పుడో, నా సాయం లేకుండానే, నావే అక్కడుండిపోయాయి, సంచీ చాటున, తర్వాత ప్యాంటు జేబుల దగ్గర, ఆసుపత్రి వరసలో నడుం దగ్గర, మొన్న బల్ల కింద, ఎంగిలి చెయ్యి అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ ఎంగిలి చేత్తో ఎవరూ సైగ చేయకూడదని ఎక్కడుంది, సిగ్గేస్తోంది, నలభై నాలుగేళ్లొచ్చిన మనిషికి వంటగదిలో ఒక్కడే నిలబడి ఇంత సిగ్గేయడం ఇదే మొదటిసారి, పొద్దున్నించీ ఈ ఫోన్‌ని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటీ వెనక్కొచ్చి నాకే తగులుతున్నాయి, నాలుగూ నలభై, కిటికీ పూర్తిగా తెరిచాను, వెలుతురు మొహంమీద పడింది, ఎదురింటి మేడమీద ఒకావిడ తడిబట్టలు ఆరేస్తోంది, ఎర్రచుక్క నొక్కాను, గొంతుమీద అరచెయ్యి, నేను, మీ అన్నయ్యని, తప్పు నాదే, ఏడుసార్లూ నాదే, ఇప్పుడు చూడు, నిద్రపోతున్నాను, బస్సు స్టీరింగు ఇంత, రెండు చేతులూ బారచాపాను, మోచేతులు గాల్లో లేచాయి, ఎదురింటావిడ క్లిప్పు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడి చూస్తోంది, చేతులు వాటంతటవే కిందికి జారబోయాయి, ఎత్తాను, మళ్లీ జారబోయాయి, మళ్లీ ఎత్తాను, చూస్తే చూడనీ, మా ఆవిడ దుప్పటి చుట్టుకుని దిగడం చేసి చూపించాను, నాకే నవ్వొచ్చింది, రేపు పదిన్నరకి, కాదు పదీ ఇరవైకే, సంతకం నాది, అని చేతులు గుండె ఎత్తున నిలిపి చెబుతుంటే ఒక్కటి తెలిసింది, నాకు ముక్కూమొహం తెలియని వేలమందికి రోజంతా మైకులో అరిచి చెప్పే నేను, నా ఒక్క చెల్లెలితో మాత్రం ముప్పై రెండేళ్లుగా గుసగుసలే ఆడుతున్నాను.