గోళ్లరంగు గీత

"సీటు గీత దగ్గర పెట్టావా?"

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే ఆమెకు వినిపించే మొదటి పలకరింపు ఇదే. తిన్నావా అని కాదు, అలసిపోయావా అని కాదు. కారులో డ్రైవరు సీటు జరిగే ఇనుప పట్టా మీద ఎర్రటి గీత ఒకటుంది. గీసింది భర్త, గీసింది ఆమె గోళ్లరంగుతో. పెళ్లిరోజుకని ఆయనే కొనిచ్చిన సీసా అది, ఆమె గోళ్లకంటే ముందు కారుకే అంటింది. "నా కాళ్లు పొడుగు కదా. నువ్వు ముందుకు లాగేస్తే మళ్లీ నాకు కుదరదు. నడుపుకో, వద్దనను. దిగేటప్పుడు మాత్రం గీత దగ్గరికి నెట్టెయ్" అన్నాడు, వరమిచ్చినట్టు.

ఆయనకు ఆఫీసు బస్సు ఉంది. కారు తీసేది ఆదివారం మాత్రమే. మిగతా రోజుల్లో కూతుర్ని బడిలో దింపడం, అత్తగారిని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్లడం, కూరగాయలు, మందులు, ఆపైన తను పనిచేసే కళ్లద్దాల షాపు, అన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఈ ఇంట్లో చాకిరీ ఒకరిది, సీటు ఒకరిది.

మొదట్లో లాగేది, నెట్టేది. వేలెడు తేడా వచ్చినా ఆదివారం సాయంత్రం "నడుం పట్టేసింది, సీటు సరిగ్గా పెట్టలేదు నువ్వు" అని సణుగుడు. ఆ సణుగుడు పడలేక సీటు కదపడమే మానేసింది. సోఫా దిండు ఒకటి వీపు వెనక దోపుకుని, అంచున కూర్చుని, కాలివేళ్ల కొసలతో బ్రేకు అందుకునేది. భుజాలు రాయిలా అయ్యేవి. రాత్రి మందు రాసుకుంటుంటే "షాపులో వంగి కూర్చుంటావు కదా మరి" అనేవాడు. కాబోలు అనుకునేది. షాపులో మాత్రం ఆమెకొక మంచి కుర్చీ ఏడ్చిందా? ఎవరూ కూర్చోకుండా వదిలేసిన కుంటి కుర్చీ ఆమె మూలకే చేరింది. ఇంట్లో రెక్క ఊడిన ఫ్యాను ఆమె పడుకునే వైపే తిరుగుతుంది. సర్దుకుపోయే మనిషి దొరికితే లోకంలో వంకర వస్తువులన్నీ ఆమె వాటాకే వస్తాయి. ఈ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా, దాన్ని తన మంచితనం అనుకునేది.

మొన్న మంగళవారం అత్తగారిని తీసుకొస్తుంటే సందు మలుపులో సైకిలు మీద ఒక ఆడపిల్ల అడ్డం వచ్చింది. ఆమె వేళకే చూసింది. వేళకే బ్రేకు తొక్కింది. తొక్కగానే వెనకున్న దిండు నలిగి పక్కకు జారింది, మనిషి వెనక్కి పోయింది, కాలు బ్రేకు మీంచి తప్పింది. స్టీరింగు తిప్పేస్తే కారు వెళ్లి చెత్తకుండీకి గుద్దుకుంది. ఆ పిల్ల వెనక్కి కూడా చూడకుండా తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

భర్త సొట్ట మీద చేత్తో రాసి చూశాడు. అరవలేదు. "నీకు డ్రైవింగ్ అచ్చిరాలేదు. ఇక కారు ముట్టుకోకు" అన్నాడు, ఉప్పు తగ్గించమని చెప్పే డాక్టరులాగా. ఆమె ఆ మాట నమ్మింది. కళ్లు మూస్తే ఆ పిల్ల జడే కనిపిస్తోంది.

కానీ కారు లేకపోతే పోయేది కారొక్కటే కాదు. ఊరి అవతల షాపువాళ్లు కొత్త శాఖ తెరుస్తున్నారు. "అది నీకే అప్పగిస్తాను" అని యజమానురాలు తనంతట తనే అంది. అటువైపు బస్సుల్లేవు. ఆదివారం లోపల అవునో కాదో చెప్పాలి. కాదని చెప్పడానికి మాటలు వెతుక్కుంటూనే శనివారం షాపుకు వెళ్లింది.

ఆ రోజు ఒక టైలరు వచ్చాడు. ముక్కు మీద కిందికి జారిన కళ్లద్దాల్లోంచి చూడటానికి గడ్డం పైకెత్తి, ఆకాశంలో ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"మెడ నొప్పి లేదా మీకు?" అని అడిగింది.

"ఉంటుందమ్మా, అలవాటైపోయింది. అద్దాలు మంచివే, నా తలే తిన్నగా నిలబడదు."

ఆమెకు ఒళ్లు మండింది. "అదేం మాటండీ! అద్దాలకు తగ్గట్టు తల వంచుకుంటారా ఎవరైనా? మీ మొహానికి తగ్గట్టు ఇవి వంగాలి గానీ! ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారు?"

షాపంతా ఇటు తిరిగి చూసింది. ఆమె చేతిలో ఫ్రేము అలాగే ఆగిపోయింది. రోజూ పదిమంది ముక్కులకూ చెవులకూ అద్దాలు సరిచేసే మనిషి, దిండు దోపుకుని కారు నడుపుతోంది. నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కోపం వచ్చింది, భర్త మీద కొంత, తన మీద చాలా. ఫ్రేము ముక్కు దగ్గర కొంచెం వంచి పెట్టింది. టైలరు గడ్డం దానంతటదే కిందికి దిగింది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే తాళంచెవి తీసుకుంది. అది ఎప్పటి కొక్కేనికే వేలాడుతోంది. ముట్టుకోకు అన్నాడే గానీ, ముట్టుకుంటుందని ఆయన అనుకోలేదు మరి. దిండు తీసి వెనక సీట్లో పడేసింది. నడుం సీటుకు పూర్తిగా ఆనించి కూర్చుంది. కింద చెయ్యి పెట్టి కడ్డీ ఎత్తి, బ్రేకు చివరిదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేంతవరకు ముందుకు జరిగింది. వాలు తగ్గించి వీపు నిటారుగా పెట్టుకుంది. భుజాలు కదలకుండా చేతులు చాపితే మణికట్లు స్టీరింగు పైఅంచున వాలాయి. సీటు పైకెత్తింది. బానెట్ అవతల రోడ్డు ఇంత దగ్గర్నుంచి కనిపిస్తుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. చివరికి అద్దాలు తిప్పుకుంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అత్తగారు గుమ్మంలోంచి కేకేసింది.

"కూర్చుంటున్నా అత్తయ్యా."

"కూర్చోడానికి ఇంతసేపా?"

"ఇన్నేళ్లూ సరిగ్గా కూర్చోలేదు కదా."

అత్తగారు కుంటుకుంటూ వచ్చి దిండునీ సీటునీ మార్చి మార్చి చూసింది.

"మన వంటగట్టు ఉంది చూశావూ? మీ మామగారు మేస్త్రీని నిలబెట్టి వాడి నడుముకి కొలత పెట్టించారు. ఆ మేస్త్రీ ఒక్క పూటైనా అక్కడ వండిపెట్టాడా? నేను పీటెక్కి వండాను. దిగబోయి ఎన్నిసార్లు కాలు మడతపడిందో! ఇప్పుడేమో మోకాళ్లు వయసు వల్ల పోయాయంటాడు డాక్టరు." తలుపు తీసి పక్కన కూలబడింది. "పద. ఆ ఖాళీ మైదానానికి పోనియ్. గట్టిగా ఒక్క బ్రేకు వెయ్యి, చూద్దాం."

మైదానంలో వేగం పెంచి, ఒక్కసారిగా తొక్కింది. కారు గీత గీసినట్టు ఆగింది. అత్తగారి సంచీ ఎగిరి కింద పడింది, మాత్రలు చెల్లాచెదురయ్యాయి.

"నా సంచీ పడింది గానీ నువ్వు ఇసుమంత కదల్లేదే!" అంది ముసలావిడ.

ఆమెకు ఏడుపొచ్చింది. తనకు చేతకానిది నడపడం కాదు. ఆ పిల్ల జడ గుర్తొస్తే ఇప్పుడు భయం వెయ్యలేదు, ఇలా కూర్చుని ఉంటే ఆ రోజు ఆగేదాన్ని అనిపించింది. అక్కడి నుంచే యజమానురాలికి ఫోన్ చేసి వస్తానని చెప్పింది, తిరిగొస్తూ కొత్త శాఖ తాళాలు తీసుకుంది.

ఆదివారం కారెక్కబోతే భర్త మోకాలు స్టీరింగుకు కొట్టుకుంది. "సీటు గీత దగ్గర లేదు!"

"లేదు. మీరు వారానికోసారి వెనక్కి జరుపుకోండి. రేపటి నుంచి కొత్త షాపుకు నేనే నడుపుకుని వెళ్లాలి, రోజూ జరపలేను" అంది, ఉతికిన బట్టలు ఆరేస్తూ. గొంతు పెంచలేదు. ఆయన ఆ రోజు ఎక్కడికీ వెళ్లలేదు.

సోమవారం పొద్దున ఆమె సీట్లో సర్దుకుని కూర్చునేసరికి ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు.

"సరే. నేను పక్కన కూర్చుంటాను, నడిపి చూపించు. బాగా నడిపితే అప్పుడు ఆ షాపు సంగతి ఆలోచిద్దాం."

కిందటి వారమైతే ఈ మాటకే ఆమె పొంగిపోయేది.

"కూర్చోండి, దారిలో మీ ఆఫీసు దగ్గర దింపుతాను. చూపించడానికి మాత్రం నడపను" అంది. "షాపు తాళాలు నా దగ్గరున్నాయి. నేను వెళ్తేనే తెరుచుకుంటుంది."

ఆయన కారు చుట్టూ తిరిగి వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. బెల్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే, ఆమె ఇంజను ఆన్ చేసి ఆయన పెట్టుకునేదాకా ఆగింది.