ఇప్పపూల కాలపు బడి

చదువు మానేసిన అడవి పల్లెల పిల్లల కోసం తబితమ్మగారు భద్రాచలం దారిలో ఒక చిన్న హైస్కూలు స్థాపించారు. 2003 మార్చిలో దానికి గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఒక అధికారి ఉదయమే వచ్చారు. గుర్తింపు రాకపోతే పిల్లలకు పదో తరగతి పరీక్ష ఉండదు. గదులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"పిల్లలేరమ్మా?"

"ఇప్పపూలు ఏరుతున్నరు సార్. పూల కాలంలో మా బడి మధ్యాహ్నమే."

"అందాకా నేనేం చేయాలి?"

"గంప ఇస్త, మీరూ ఏరుండ్రి."

లెక్కల మాస్టరునైన నేను కంగారుగా ఆయనకు కుర్చీ తేబోయాను. ఆయన నవ్వి, గంప అందుకున్నారు.

మధ్యాహ్నం పిల్లలతో కలిసి, చేతులకు పూల జిగురుతో తిరిగి వచ్చారు. పాఠాలన్నీ శ్రద్ధగా విన్నారు. గుర్తింపు ఇస్తూ, బడి వేళలు మార్చనక్కరలేదని స్వహస్తంతో రాశారు.