మంజీరలో రెండు కళ్లు

నార్వే దేశపు చిత్రకారుడు హాల్వర్ జహీరాబాద్‌లో శాంతమ్మ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగి ఏడాది దాటింది. పిట్టలు, పాములు, చెరుకు తోటలు, కంటబడ్డదల్లా గీసేవాడు. సాయంత్రమైతే శాంతమ్మ చేత దయ్యాల కథలు చెప్పించుకొని వాటికీ బొమ్మలు వేసేవాడు. వచ్చీరాని తెలుగుతోనే నెట్టుకొచ్చేవాడు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో శాంతమ్మ రాయికోడ్ అవతల మంజీర ఒడ్డున ఉన్న తల్లిగారింటికి పోతుంటే, నది చూస్తానని ఆయనా బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఒక్కడే నదికి పోయి, ఎండ ఎక్కేలోగా తిరిగొచ్చి, అరుగు మీద కూర్చుని రంగులు కలిపాడు. జొన్నలు చెరుగుతూ శాంతమ్మ అటు చూసింది. నల్లటి నీళ్లు, ఒడ్డున తుంగ, నీళ్ల నడుమ రెండు కళ్లు. తల లేదు, ఒళ్లు లేదు. ఆ కళ్లు తననే చూస్తున్నట్టుంటే ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

"గదేంది సాబ్?"

"మా దేశంల నీళ్ల దయ్యం ఉంటది అంటరు. మనిషి దగ్గరికి వచ్చేదాక కదలదు. మా అమ్మ చెప్పింది."

"అంటే కథనేనా? మీరు చూసింది గాదా?"

హాల్వర్ నవ్వబోయి ఆగాడు. "కళ్లు చూసిన. మెరిసినయ్. మల్ల చూస్తే లేవు. భయమైంది, వచ్చేసిన."

"యాడ?"

"బట్టలు ఉతికే బండ దగ్గర."

శాంతమ్మ చాట కింద పడేసింది. చెల్లెలు బసమ్మ బట్టల మూటతో ఇప్పుడే ఆ బండకే పోయింది. ఐదో నెల కడుపుతో ఉంది.

చెప్పులైనా వేసుకోకుండా ఉరికింది. దయ్యమో, మొసలో! ఏదైతేనేం? మొన్న రేవులో దిగిన లేగదూడ మళ్లీ కనబడలేదని తల్లి అన్న మాట చెవుల్లో మోగుతోంది.

బసమ్మ మోకాలిలోతు నీళ్లలో, నదికి వీపు పెట్టి దుప్పటి జాడిస్తోంది. ఆమె వెనక, నీటి మీద రెండు బుడిపెలు. అల కూడా లేపకుండా దగ్గరికి వస్తున్నాయి.

శాంతమ్మ గట్టు మీదే ఆగింది. మొసలి అని అరిస్తే, చెల్లెలు వెనక్కి తిరిగి పాచి మీద జారిపడుతుంది.

"బసమ్మా! అమ్మ కిందవడ్డది! జల్ది రా!"

బసమ్మ దుప్పటి ఈడ్చుకుంటూ గట్టుకు ఉరికింది. ఆమె పాదం ఒడ్డుకు తగిలిందో లేదో, వెనక నీళ్లు ఒక్కసారి పగిలాయి. తెరిచిన దవడ దుప్పటి అందుకొని ఒక్క గుంజు గుంజింది. బసమ్మ చేయి వదిలేసింది. దుప్పటి మునిగిపోయింది. నీళ్లు మళ్లీ కదలకుండా నిలిచాయి.

బసమ్మ ఏడవలేదు. ఒక్కటే మాట అడిగింది. "అక్కా, అమ్మకేమైంది?"

"అమ్మ మంచిగున్నది. ఏం గాలే," అంటూ శాంతమ్మ ఆమెను కరుచుకుంది. వెనకే ఉరికొచ్చిన హాల్వర్ ఒడ్డున కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"నేను వచ్చినంక ముందుగాల చెప్పాల్సుండె. కథ అనుకున్న," అన్నాడు.

ఊరివాళ్లు ఆ రేవుకు ముళ్లకంప కొట్టారు. శాంతమ్మా హాల్వరూ జహీరాబాద్ బస్సెక్కారు. దారిలో ఆయన కాగితాలు బయటికి తీయలేదు. కాళ్లు కింద పెట్టబుద్ధిగాక శాంతమ్మ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది.