అరచేతికి తెలిసిన ట్యాంకు

మేనేజరు జీపు మీది మైకుకు జలుబు చేసినట్టుంది. అది "నీళ్ళు ఖాళీ" అని అరిస్తే, రంగుల మిల్లు కూలీల లైన్లన్నిటికీ "ఇళ్ళు ఖాళీ" అని వినిపించింది. క్షణంలో వీధి నిండా మంచాలు, బిందెలు, కుట్టుమిషను, దాన్ని కావలించుకున్న ఒక ముసలమ్మ.

మేనేజరు దిగి మొత్తుకున్నాడు. "ఇళ్ళు కాదర్రా, నీళ్ళు! బోరు ఎండింది. ట్యాంకులో చుక్క లేదు. కుళాయిలు ఎప్పుడొస్తాయో చెప్పలేం."

జనం నవ్వుకుంటూ మంచాలు లోపలికి మోశారు. పాచి పిన్ని నవ్వలేదు. నెలకోసారి ఆ ఇనప ట్యాంకులో దిగి పాచి గీకేది ఆమే. పేరూ అక్కడే అంటుకుంది. ఇంట్లో కూతురు నాలుగు రోజుల బాలింత. నీళ్ళు లేని ఇంట్లో పసిగుడ్డుతో ఎన్నాళ్ళుంటారు? పొమ్మనలేక పొగబెట్టడం విన్నది గానీ, ఇది పొమ్మనలేక దాహం పెట్టడంలా ఉంది.

"బోరెండితే మిల్లు రంగునీళ్ళ కాలవ ఎట్లా పారుతోంది సారూ?" అంది.

"అవి పాత నీళ్ళు."

"పాత నీళ్ళకు కొత్త రంగా?"

"నోరు పారేసుకోకు!"

"నీళ్ళెట్లాగూ లేవు. పారేసుకోడానికి నోరొకటే మిగిలింది."

మిట్టమధ్యాహ్నం ఆమె దిబ్బమీది ట్యాంకు దగ్గరికి నడిచింది. వెనకే సగం వీధి.

"నిచ్చెనకు తాళమేశారు పిన్నీ. లోపల చూడకుండా ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు వెంట వచ్చిన మిల్లు ఫిట్టరు.

"లోపలెందుకురా? ఈ ఎండకు ఖాళీ ఇనుము పెనంలా కాలుతుంది. చెయ్యి పెట్టు."

పెట్టాడు. చల్లన. ఎవరో తెచ్చిన స్టూలెక్కాడు. చల్లనే. అతని భుజాలెక్కిన బట్టలుతికే ఆవిడ ఇంకా పైన తాకి, "అమ్మో, కాలింది!" అంటూ దూకింది. అంటే నీళ్ళు అంతెత్తున ఉన్నాయి.

"దొంగలు!"

"పెద్దవాళ్ళతో మనకెందుకులే, ఉన్న నీడ పోతుంది," అన్నాడొకడు.

"నీడ పోయేది ఊరుకుంటేనే," అన్నాడు రివిట్ల తాత. "ఇది లేనప్పుడు మడుగు నీళ్ళు తాగి పోయినవాళ్ళను, ఒక్క వేసవిలో పదకొండు మందిని కాటికి మోశాం. ఇరవై రోజులు మనం మిల్లు ఆపితే పుట్టిందిరా ఈ ట్యాంకు. ఈ రివిట్లు నా చేత్తో కొట్టినవి. వాళ్ళు దయతో పెట్టిన కడవ కాదిది."

ట్యాంకు కింద రెండు వాల్వులు: ఒకటి మిల్లుకి, ఒకటి ఇళ్ళకి.

"ఇన్నాళ్ళూ చక్రం తిప్పింది వాళ్ళు," అంది పాచి పిన్ని. "పట్టండి!"

పది చేతులు పడ్డాయి. మిల్లు వైపుది మూసుకుంది, ఇళ్ళ వైపుది కిర్రుమంటూ తెరుచుకుంది. లైన్లలో కుళాయిలు దగ్గాయి, ఉమ్మాయి, పారాయి. మిల్లు చప్పుడు ఆగింది. ఫిట్టరు రెండు చక్రాలూ ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె వాటిని గుంపులోకి అందించింది.

పోలీసులు వచ్చేసరికి వాల్వుల మీద బోడి కడ్డీలే ఉన్నాయి.

"ఎవరు తిప్పారు?"

"నేనే," అంది పాచి పిన్ని.

"చక్రాలెవరికిచ్చావ్?"

"పక్కవాళ్ళకి."

"వాళ్ళు?"

"వాళ్ళ పక్కవాళ్ళకి."

"వెటకారమా? ఎక్కు!"

జీపు కదిలింది. వెనకే మూడొందల మంది నడిచారు, తడి చేతులతో. చక్రాలు ఎవరి దగ్గరున్నాయో ఆమెకూ తెలియదు. ఇక ఎంత అడిగినా ఆమెకు భయం లేదు.