ఫిర్యాదులు: నిరంక్

“సంతకమే గదా, పెడితే నీ చెయ్యేమన్న అరుగుతదా?” అన్నాడు నాగేంద్ర, భార్య వేసిన రొట్టె తుంచుకుంటూ. “గంటల మేడానివి. నీకెందుకే పెత్తనం?”

చంద్రావతి పెనం మీది రొట్టె తిప్పేసింది. ఆమె కాలేజీలో గంటల లెక్కన పాఠం చెబుతుంది. జూన్‌లో మళ్ళీ పిలవడమా మానడమా అన్నది ప్రిన్సిపాల్ చేతిలో ఉంది. బట్టల దుకాణంలో కూర్చునే మొగుడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ మాట.

సోమవారం కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వస్తున్నారు. కాలేజీ తనకు తానే మార్కులేసుకుని రాసుకున్న నివేదికకు రుజువులు చూపాలి. మహిళా ఫిర్యాదుల కమిటీకి చంద్రావతే అధ్యక్షురాలట. ఆ సంగతి ఆమెకు మొన్ననే తెలిసింది. ఐదేళ్ళ మీటింగులనూ క్లర్కు ఒకే పెన్నుతో, కూర్చున్న కాడనే రిజిస్టరులో రాసి పారేశాడు. ఇక ఆమె సంతకాలే తక్కువ. ప్రతి పేజీలో ఫిర్యాదుల గడిలో ఒకటే మాట, మహారాష్ట్ర కాలేజీ గనక మరాఠీలో: నిరంక్. అంటే ఏమీ లేదని. అందులో ఒక మీటింగు ఆమె అహేరి ఆసుపత్రిలో పురిటి మంచం మీదున్న రోజుది. ఆ రోజు రాలేదని మెమో ఇచ్చిన కాలేజీయే ఇప్పుడు హాజరు వేసింది.

ఏమీ లేదా? ఆడపిల్లల పాయిఖానా తలుపుకు గొళ్ళెం లేదని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుంది! “పాట పాడుకుంట కూసోమనుండ్రి మేడం, లోపల మనిషున్నట్టు తెలుస్తది” అన్నాడు ప్రిన్సిపాల్. స్టాఫ్ రూమంతా నవ్వింది. అంకిస ఊరి నుంచి బస్సులో వచ్చే విద్యార్థిని స్వాతి పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగదు. మూత్రంలో మంటతో మొన్న పరీక్షే రాయలేకపోయింది. చంద్రావతీ తాగదు. ఆ దాహం ఏ గడిలో రాశారు?

“పెట్టుండ్రి మేడం. జూన్‌ల మల్ల మీరే గావాలె మాకు” అన్నాడు ప్రిన్సిపాల్ తన గదిలో, రిజిస్టరు ముందుకు జరిపి, పెన్ను మూత తీసి ఇస్తూ.

ఆమె చివరి పేజీ తెరిచింది. నిరంక్ మీద అడ్డంగా గీత కొట్టింది. కింద ఒకటో నంబరు వేసి గొళ్ళెం సంగతి రాసింది. ఫిర్యాదు చేసినవారి గడిలో తన పేరు రాసింది.

“ఏం జేస్తున్నరు మేడం? నౌకరీ వద్దా ఏంది?”

పక్కన ‘ఎవరి మీద’ అన్న గడి ఖాళీగా ఉంది. ఆమె తలెత్తింది.

“సర్, మీ పూర్తి పేరు జర చెప్పుండ్రి. నాయిన పేరు గూడ గావాలె.”