రాహుకాలం దాటాక పెట్టిన నిప్పు

ఆ వేసవికి మా పంచాయతీలో ఒక కట్టడి పెట్టారు. చెరకు కొట్టాక చేనులో మిగిలిన ఎండాకును ఉదయం ఎనిమిదిలోపే కాల్చి ఆర్పేయాలి. పక్క చేనువాళ్లకు ముందురోజే చెప్పాలి. ఎనిమిది దాటితే మా వైపు గాలి లేస్తుంది. తప్పెట కొట్టి వీధివీధికీ చాటారు. నేనూ అరుగు మీద కూర్చుని విన్నాను.

సోమవారం స్నానం, పూజ ముగించుకుని చేనుకు వెళ్లేసరికి ఏడున్నర. సోమవారం రాహుకాలం మొదలయ్యేది అప్పుడే. ఆ వేళలో నిప్పు ముట్టించడానికి చెయ్యి రాలేదు. గట్టు మీద కూర్చుని గోవింద నామాలు చెప్పుకుంటూ తొమ్మిది దాకా ఆగాను. పక్క చేను దేవకమ్మకు చెప్పనే లేదు. కర్పూరం వెలిగించి, కొండవైపు దండం పెట్టి, ఆకుకు అంటించాను.

గాలి ఒక్కసారిగా తిరిగింది. మంట గట్టు దాటి దేవకమ్మ గడ్డివామిని అందుకుంది. మొగుడు లేని మనిషి. రెండు పాడి ఆవులే ఆమెకు ఆధారం. ఊరంతా వచ్చి వేపమండలతో కొట్టారు. నేనూ కొట్టాను. వామి మిగల్లేదు.

మర్నాడు సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు దొరస్వామిని నిలబెట్టారు. నా చేనులో చెరకు కొట్టే కూలి మనిషి. బీడీ తాగుతాడు. ఆ మాట ఒక్కటే చాలింది.

“బీడీ యాడ పారేసినావురా?” అన్నాడు ప్రెసిడెంటు ధనంజయ.

“నేను కింది మడిలో కొడతా ఉండినానప్పా. ఆ పక్కకు పోనే లేదు.”

“మరి నిప్పు కాళ్లొచ్చి నడిసొచ్చిందా?” అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

ఇకమీద ఊళ్లో ఎవరూ వాడిని కోతకు పిలవకూడదని తేల్చబోయారు. నా నొసటి నామం చూసి కాబోలు, నావైపు ఒక్కరూ వేలెత్తలేదు. నోరు తెరవడానికి నాకు అంతసేపు పట్టింది.

“నిప్పు పెట్టింది నేను,” అన్నాను.

ధనంజయ చేతులు జోడించాడు. “వరదయ్యన్నా, నీ మంచితనం మాకు తెల్దా? పనోడి తప్పు నెత్తినేసుకుంటా ఉండావు. సూడండప్పా, మనిసంటే ఇట్లుండాల!”

దేవకమ్మ కూడా నాకు దండం పెట్టింది. భూమిలోకి పోదామనిపించింది.

వాళ్లను నమ్మించడానికి అంతా చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదిలోపు ఎందుకు పెట్టలేదో, తొమ్మిది దాకా ఏం చేశానో. చెబుతుంటే నాకే వింతగా ఉంది. పక్క చేనామెకు ఒక మాట చెప్పడం మరిచి నామాలు లెక్కపెట్టుకుంటే, ఆ స్వామి మెచ్చుతాడని ఎట్లా అనుకున్నాను?

దేవకమ్మ చేతులు దించింది. “నీకు మంచి గడియే అన్నా. నా ఆవులకో?”

“మా వామి నీదే, తీసుకో అమ్మా.”

“తీసుకుంటాను. ఎందుకు తీసుకోను?” అని లేచిపోయింది.

జనం పలచబడ్డాక దొరస్వామి దగ్గరికి వెళ్లాను. “రేపు కోతకు వస్తావా?”

“వస్తాను సామీ. రాకుంటే కూడెట్లా?” తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “వాళ్లు నన్ను అన్నేసి మాట్లంటా ఉంటే, నువ్వు నా మొగమే సూస్తా కూసున్నావు. అది మాత్రం నేను సూసినాను.”